సాంస్కృతిక కేంద్రం, వీధి గదిలో కొట్టు: ఏ పనికి ఏ డబ్బు?

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఒక పాత మండువా లోగిలి అద్దెకు దొరికిందనుకోండి. పెంకు బాగానే ఉంది. గోడలకు సున్నం వేయాలి, కరెంటు వైరింగు మొత్తం మార్చాలి. లోపలి గదుల్లో పొందూరు ఖద్దరు ఎలా తయారవుతుందో చూపిస్తారు, వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసే దగ్గర్నుంచి. నెలకోసారి మండువాలో తప్పెటగుళ్లో జముకుల కథో పెడతారు. వీధి గదిలో ఏటికొప్పాక లక్క బొమ్మలు, బుడితి ఇత్తడి సామాను, బహుమతిగా ఇచ్చుకునే చిన్న బొబ్బిలి వీణలు అమ్ముతారు.

ఇలాంటి ఆలోచనతో వచ్చేవాళ్లు నన్ను అడిగే మొదటి మాట ఒకటే. "లోను తీసుకోమంటారా, చందాలు పోగుచేయమంటారా, గవర్నమెంటు గ్రాంటుకి పెట్టుకోమంటారా?"

మూడూ తీసుకోవచ్చు. కానీ మూడూ ఒకే డబ్బాలో వేయకూడదు. గుడీ, గుడి ముందు కొబ్బరికాయల కొట్టూ పక్కపక్కనే ఉంటాయి. హుండీ డబ్బుతో కొబ్బరికాయలు కొని అమ్మరు. కొబ్బరికాయల లాభాన్ని నమ్ముకుని ధ్వజస్తంభమూ ఎత్తరు. ఒక చిన్న సంఘానికి కోశాధికారిగా రశీదులు రాసిన రోజుల్లో ఈ తేడా తెలియక మేమే దెబ్బతిన్నాం. ప్రదర్శన కోసం దాతలిచ్చిన డబ్బుతో బొమ్మలు కొన్నాం, వాటిలో సగం అమ్మేశాం, వచ్చిన డబ్బు అద్దెకు కట్టేశాం. ఎవరూ ఒక్క రూపాయి తినలేదు. అయినా సంవత్సరం చివర ఆడిటర్ "ఇది విరాళమా, అమ్మకమా?" అని అడిగితే ముగ్గురం ముఖముఖాలు చూసుకున్నాం.

ముందు ఖర్చును నాలుగు ముక్కలు చేయండి

ఉదాహరణకి మొదటి ఏడాది మొత్తం 20 లక్షలు అనుకుందాం. మీ ఊరిని బట్టి అంకెలు మారతాయి, విభజన మాత్రం ఇదే. మరమ్మతులు, వైరింగు, మరుగుదొడ్లు 8 లక్షలు. అద్దాల బీరువాలు, లైట్లు, ఫొటోలు, వివరాల బోర్డులు 3 లక్షలు. కొట్టులో సరుకు 4 లక్షలు. ఏడాది పాటు అద్దె, కాపలా మనిషి, కొట్టులో కూర్చునే అమ్మాయి జీతం, కరెంటు కలిపి 5 లక్షలు.

మనవాళ్లు మర్చిపోయేది ఈ ఆఖరి 5 లక్షలే. ఇవ్వడానికి కూడా ఎవరూ ముందుకు రానిది ఇదే. గోడ కట్టించడానికి దాత దొరుకుతాడు, గోడ మీద పేరుంటుంది కాబట్టి. కరెంటు బిల్లు మీద పేరు వేయించుకునేవాడు ఎవడుంటాడు? అందుకని ఏ దారిని తూకం వేసినా నేను మొదట చూసేది ఒకటే: ఈ డబ్బుతో నెలవారీ ఖర్చు పెట్టనిస్తారా, లేదా?

ఊరి చందా

మొదటి రూపాయి ఇక్కడి నుంచే రావాలని నా గట్టి అభిప్రాయం. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో ఊరివాళ్ల పూనికతోనే మొదలైంది. శ్రీకాకుళంలో తెలుగు కథల గ్రంథాలయమైన కథానిలయాన్ని కథకుడు కాళీపట్నం రామారావు, అదే మన కారా మాస్టారు, 1997లో తనకొచ్చిన అవార్డుల డబ్బు పెట్టి మొదలుపెట్టారు. పుస్తకాలు, పత్రికలు, సాయం ఆ తర్వాత నలుమూలల నుంచీ వచ్చాయి. ఎదురుగా ఏదో ఒకటి కనపడితేనే జనం జేబులో చెయ్యి పెడతారు.

చందా వసూలు చేయాలంటే ముందు ఒక సంస్థ కావాలి. మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువమంది ఎంచుకునేది 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీ. కనీసం 7 మంది సభ్యులుంటే చాలు. ట్రస్టుకి ఇంకా తక్కువ మంది సరిపోతారు, కానీ పెట్టినవాళ్ల మాటే చెల్లుతుంది. కుటుంబం తరఫున ఇల్లు ఇచ్చి నడుపుతుంటే ట్రస్టు మేలు. పదిమంది కలిసి చేస్తుంటే సొసైటీ మేలు. లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీకి పెద్ద కంపెనీల దగ్గర గౌరవం ఎక్కువే, కాకపోతే ఏటా దాఖలు చేయాల్సిన కాగితాలూ ఎక్కువే.

తర్వాత ఆదాయపు పన్ను శాఖ దగ్గర రెండు నమోదులు: సంస్థ రాబడికి పన్ను మినహాయింపునిచ్చే 12ఏ, దాతకు మినహాయింపునిచ్చే 80జీ. ఈ పేర్లు 1961 చట్టంవి. 2025 కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి. జనం నోట్లో పాత పేర్లే ఉన్నాయి కాబట్టి నేనూ అవే వాడుతున్నాను. 80జీ ఉంటే దాతకు సాధారణంగా ఇచ్చినదాంట్లో సగం మేరకు పన్ను లెక్కలో మినహాయింపు వస్తుంది. ఇందులో రెండు మెలికలున్నాయి. 2 వేలు దాటిన నగదు విరాళానికి ఈ మినహాయింపు రాదు. దాత కొత్త పన్ను విధానంలో ఉన్నా రాదు. జీతగాళ్లలో చాలామంది ఇప్పుడు కొత్త విధానంలోనే ఉన్నారు, కాబట్టి "పన్ను మిగులుతుందండీ" అని అడగడం మొదలుపెట్టకండి. తప్పెటగుళ్లు చూపించి అడగండి, అది పనిచేస్తుంది.

చందాలో ఉన్న సుఖం ఏమిటంటే, ముందే రశీదు మీద "సాధారణ నిధి" అని రాసుకుంటే అద్దె కూడా కట్టుకోవచ్చు. కష్టం ఏమిటంటే, రెండో ఏడాది అదే గుమ్మం తొక్కితే "పోయినేడు ఇచ్చాం కదా బాబూ" అంటారు. అందుకే ఒకేసారి 10 వేలు అడగడం కంటే నెలకు 300 చొప్పున ఇచ్చే వందమంది సభ్యులను పట్టుకోవడం నయం. నెలకు 30 వేలు వస్తే అద్దె, కరెంటు గట్టెక్కుతాయి.

ఒక్క పెద్దమనిషే 10 లక్షలు ఇస్తానంటే ఆనందపడండి, కానీ అప్పుడే తీర్మానం రాసుకోండి: పేరు ఎక్కడ, ఎంత సైజులో, ఎన్నేళ్లు. ఎన్నికల ముందు వచ్చే డబ్బైతే నేను వద్దనే అంటాను. బ్యానరు తీయడం కంటే బాకీ తీర్చడం తేలిక.

అమెరికా తమ్ముడి డాలర్లు

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. "అన్నయ్యా, మా అసోసియేషన్ తరఫున పదివేల డాలర్లు పంపించేస్తాం, అకౌంట్ నంబరు వాట్సాప్ చెయ్యి" అంటాడు తమ్ముడు. ఆ నంబరు పంపే ముందు ఆగండి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 ఉంది. అందరూ ఎఫ్‌సీఆర్‌ఏ అనేది దాన్నే.

డబ్బు ఏ దేశం నుంచి వచ్చిందన్నది ఇక్కడ అసలు ప్రశ్న కాదు. ఇచ్చింది ఎవరు అన్నదే ప్రశ్న. దుబాయ్‌లోనో డాలస్‌లోనో ఉంటున్నా చేతిలో భారత పాస్‌పోర్టే ఉంటే, ఆ మనిషి తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు కాపీ ఫైల్లో పెట్టుకుంటే సరి. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉన్నాడా, అతని డబ్బు విదేశీ విరాళమే. సంక్రాంతికి ఊరొచ్చి మీ చేతిలో రూపాయలు పెట్టినా అంతే. అక్కడ రిజిస్టరైన తెలుగు సంఘం పంపితే, దాని సభ్యులంతా మన జిల్లావాళ్లే అయినా, అదీ విదేశీ విరాళమే.

విదేశీ విరాళం తీసుకోవాలంటే రిజిస్ట్రేషన్ కావాలి. దానికి సంస్థ పుట్టి 3 ఏళ్లు అయ్యుండాలి, ఆ 3 ఏళ్లలో అసలు పనుల మీద కనీసం 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు. అంత వయసు లేని సంస్థకు ముందస్తు అనుమతి అనే ఇంకో దారి ఉంది: ఫలానా దాత, ఫలానా పనికి, ఇంత మొత్తం అని హామీ లేఖతో దరఖాస్తు పెట్టుకోవాలి. దాత ఖాయమై మొత్తం పెద్దదైతేనే ఆ శ్రమకు అర్థం ఉంటుంది.

ఇక్కడ కొట్టు కలిసొస్తుంది. మామూలు వ్యాపారంలో సరుకు అమ్మి దాని ధర తీసుకుంటే అది విరాళం కిందికి రాదు. అంటే అమెరికా పౌరుడైన తమ్ముడు బొమ్మల కొలువుకి 40 బొమ్మలు ఆర్డరిచ్చి డబ్బు కట్టొచ్చు. ఎగుమతి కోడ్ తీసుకుని, బిల్లు సరైన ధరకే రాయాలి. 500 రూపాయల బొమ్మకి 50 వేల బిల్లు రాస్తే దాన్ని అమ్మకం అని ఎవరూ నమ్మరు.

కంపెనీల సీఎస్‌ఆర్, సర్కారు గ్రాంటు

పెద్ద డబ్బు ఇవే, ఆలస్యంగా వచ్చేవీ ఇవే. నికర విలువ 500 కోట్లో, టర్నోవరు 1000 కోట్లో, నికర లాభం 5 కోట్లో ఉన్న కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. వారసత్వ సంపద, కళలు, హస్తకళల అభివృద్ధి ఆ జాబితాలో స్పష్టంగా ఉన్నాయి. విశాఖ చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు లోటు లేదు కదా అని ఆశ పుడుతుంది. కానీ ఆ డబ్బు మీ సంస్థ చేతికి రావాలంటే 12ఏ, 80జీతో పాటు సీఎస్‌ఆర్-1 ఫారం నమోదు, కనీసం 3 ఏళ్ల పని చరిత్ర ఉండాలి. నిన్న పుట్టిన సొసైటీకి ఇవ్వాలని మేనేజరుకి మనసున్నా ఇవ్వలేడు.

చరిత్ర ఉన్నవాళ్లు అడిగేటప్పుడు "మా కేంద్రానికి సాయం చేయండి" అనకండి. "30 మంది చేతిపనివాళ్లకు ఏడాది శిక్షణ, ఇంత ఖర్చు, ఈ నెలకు ఇది పూర్తి" అని ఒకే పేజీలో ఇవ్వండి. కంపెనీలకు ఆర్థిక సంవత్సరం మార్చిలో ముగుస్తుంది కాబట్టి, బడ్జెట్ వేసుకునే ముందే వాళ్లకి మీ ముఖం తెలిసి ఉండాలి.

కేంద్ర సాంస్కృతిక శాఖకు మ్యూజియంలకు, కళాసంస్థల భవనాలకు, ఉత్సవాలకు వేర్వేరు పథకాలున్నాయి. దరఖాస్తుకు స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే దర్పణ్ పోర్టల్ నంబరు కావాలి. భవనానికైతే సొంత స్థలమో, దీర్ఘకాలపు లీజో చూపించాలి. 11 నెలల అద్దె ఒప్పందంతో పోతే ఫైలు కదలదు. డబ్బు విడతలుగా వస్తుంది, మొదటి విడత ఖర్చుకు యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇస్తేనే రెండోది. మధ్యలో మేస్త్రీకి కూలి ఎవరిస్తారు? చేతిలో సొంత డబ్బు లేనివాడికి గ్రాంటు వచ్చినా టెన్షనే. ఉత్సవాల గ్రాంటు మాత్రం చిన్న సంస్థలకు మంచి మొదటి మెట్టు.

చెన్నై దగ్గర ముట్టుకాడులో దక్షిణాది ఇళ్లు, చేతిపనులు చూపించే దక్షిణచిత్ర మ్యూజియం ఉంది కదా, మన విశాఖ తీరపు చుట్టిల్లు కూడా అక్కడ కట్టి పెట్టారు. దాన్ని నడిపే మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ మొదలైంది 1984లో. జనానికి తలుపులు తెరిచింది 1996లో. వచ్చే ఉగాదికే రిబ్బను కత్తిరించేయాలి అనేవాళ్లకి ఈ రెండు సంవత్సరాలూ చెబుతుంటాను.

ఆన్‌లైన్ చందాల సంగతి రెండు ముక్కల్లో. మిలాప్, కెట్టో లాంటి వేదికల మీద ఆసుపత్రి బిల్లుకి కదిలినంతగా జనం కళాకేంద్రానికి కదలరు. లింకు మీరే పదిమందికి పంపాలి, ఇచ్చేదీ ఎక్కువగా మీకు తెలిసినవాళ్లే. బయట దేశాల్లో ఉన్నవాళ్ల కోసం ఆ లింకు తెరిస్తే పైన చెప్పిన పౌరసత్వం గొడవ మళ్లీ మొదటికొస్తుంది.

కొట్టుకి పెట్టుబడి

కొట్టు వ్యాపారం. దానికి అప్పు తేవడం తప్పు కాదు, కేంద్రానికి అప్పు తేవడమే తప్పు. టికెట్టు 20 రూపాయలు పెట్టి బ్యాంకు వాయిదా కట్టిన మ్యూజియాన్ని నేనైతే చూడలేదు.

అప్పుకంటే ముందు సరుకు గురించి మాట్లాడాలి. చేతిపనివాళ్ల దగ్గరికెళ్లి "అమ్ముడయ్యాక డబ్బిస్తాం" అంటే సరుకు ఇవ్వరు, ఇచ్చినా మంచిది ఇవ్వరు. "డబ్బులిచ్చి అట్టుకెళ్లండి బాబూ" అనే మాట ఏటికొప్పాకలోనే కాదు, ఎక్కడైనా వింటారు. వాళ్లకి అంకుడు కర్ర, లక్క ముందే కొనాలి కదా. అంటే సరుకు డబ్బు ముందే పోతుంది, తిరిగి రావడానికి నెలలు పడుతుంది. అందుకే మొదట త్వరగా కదిలే చిన్న వస్తువులు ఎక్కువ పెట్టండి: బొంగరాలు, కుంకుమ భరిణెలు, లక్క పిడతలు. అసలు వీణను నిల్వ పెట్టకండి. పనస కర్రతో చెక్కే పెద్ద వీణకి ఆర్డరు తీసుకుని, అడ్వాన్సు నేరుగా తయారీదారుకు పంపండి.

చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్ర రుణం మొదటి కొట్టుకి సరిపోతుంది. శిశులో 50 వేల దాకా, కిశోర్‌లో 5 లక్షల దాకా, తరుణ్‌లో 10 లక్షల దాకా ఇస్తారు. తరుణ్ తీర్చినవాళ్లకు ఇప్పుడు 20 లక్షల దాకా కూడా ఉంది. తాకట్టు అడగకూడదు. అడిగే బ్రాంచీలు ఉంటాయి, అప్పుడు పక్క బ్రాంచికి వెళ్లండి. కొత్త చిన్న యూనిట్లకు కేంద్రం సబ్సిడీతో లోను ఇప్పించే పథకం పీఎంఈజీపీ. అందులో సబ్సిడీ ఆకర్షణ: పల్లెల్లో జనరల్ వర్గానికి 25 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలు వగైరాలకు 35 శాతం. కానీ ఊరికే కొని అమ్మే కొట్టుకి అందులో పరిమితులున్నాయి. వెనక గదిలో లేత్ మిషను పెట్టి తయారీ కూడా ఉంటే కేసు బలపడుతుంది. సబ్సిడీ ముందుగా మీ చేతికి రాదు, బ్యాంకులో విడిగా డిపాజిట్‌గా ఉండి తర్వాత అప్పుకు జమ అవుతుంది. సబ్సిడీ వస్తుందని అవసరానికి మించి లోను పెట్టుకున్నవాళ్లు చివరికి వడ్డీ కట్టడంలోనే అలసిపోతారు.

2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ మీ కొట్టుకు కాదు, బొమ్మ చేసే మనిషికి. 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షలు. సంప్రదాయ బొమ్మల తయారీ ఆ పథకం వర్తించే 18 వృత్తుల్లో ఉంది, చేనేత లేదు. వాళ్ల దరఖాస్తు మీరు దగ్గరుండి పెట్టిస్తే వాళ్లకు ముడిసరుకు డబ్బు చేతికొస్తుంది, మీ మీద అడ్వాన్సుల బరువు తగ్గుతుంది. ఇది నాకు బాగా నచ్చిన దారి.

చిట్టీ సంగతి అడగకుండా మనవాళ్లు ఉండరు. రిజిస్టరైన చిట్టీ అయితే పర్వాలేదు. నిర్వాహకుడి కమీషను 7 శాతం దాకా పోతుంది, మొదటి నెలల్లోనే పాడితే పాటలో వదులుకునే తగ్గింపు కింద ఇంకొంత పోతుంది. కొట్టు అడ్వాన్సుకి మాత్రమే వాడండి, అదీ ఇంట్లో ఒకరికి నెల జీతం ఉంటేనే.

ఒక్కటి మాత్రం చేయకండి. "తలా లక్ష ఇవ్వండి, నెలకు రూపాయిన్నర వడ్డీ ఇస్తాం" అని ఊళ్లో డిపాజిట్లు తీసుకోవడం. 2019 చట్టం ఇలాంటి అనుమతి లేని డిపాజిట్లను నిషేధించింది. మంచి పనికేగా అంటే పోలీసులు వినరు. దాని బదులు ముందస్తు ఆర్డర్లు తీసుకోండి: ఆగస్టులో 3 వేలు కడితే సంక్రాంతికి కొలువు బొమ్మల పెట్టె. వడ్డీ లేదు, సరుకు ఉంది, చెప్పిన తేదీ ఉంది.

ఒకే సంస్థలో రెండూనా?

దాతృత్వ సంస్థ పేరుమీదే కొట్టు నడపొచ్చా అంటే, కొంతవరకే. ప్రజోపయోగ లక్ష్యం కింద నమోదైన సంస్థకు వ్యాపారపు రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటితే పన్ను మినహాయింపుకే ఎసరు. కొట్టు బాగా నడవడమే తప్పయిపోతుంది! అందుకని కేంద్రం సొసైటీ పేరు మీద, కొట్టు వేరే మనిషి పేరు మీదో భాగస్వామ్యంగానో చేతిపనివాళ్ల సహకార సంఘంగానో పెట్టి, కొట్టు కేంద్రానికి గది అద్దె కట్టేలా రాసుకోండి. అద్దె బజారు ధరకే ఉండాలి. సొసైటీ కార్యదర్శి భార్య పేర కొట్టు పెట్టి నామమాత్రపు అద్దె రాస్తే ఊళ్లో మాటా పడుతుంది, ఆడిట్‌లో ప్రశ్నా పడుతుంది.

చేతిపనివాళ్లే యజమానులుగా 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కిందో, ఉత్పత్తిదారుల కంపెనీగానో పెట్టడం న్యాయంగా అన్నింటికంటే మంచిది. కానీ మొదటి రోజే పెట్టకండి. సరుకు ఎంత కదులుతుందో తెలియకుండా పదిమందిని వాటాదారులను చేస్తే మొదటి నష్టానికే మాటలు పోతాయి. రెండేళ్లు అమ్మకాల పుస్తకం చూపించి అప్పుడు పిలవండి.

మరి మీరేం చేయాలి?

సంస్థ కొత్తది, చేతిలో 5 లక్షల లోపే ఉంటే లోగిలి మొత్తం తీసుకోకండి. వీధి గది, మండువా మాత్రం తీసుకోండి. చందాతో ప్రదర్శన, చిన్న ముద్ర రుణంతో సరుకు. ఆ మాత్రం కూడా భయమైతే, రైల్వే స్టేషన్లలో "ఒక స్టేషన్ ఒక ఉత్పత్తి" స్టాల్, శిల్పారామం స్టాల్ లాంటి చోట్ల ఒక సీజన్ అమ్మి చూడండి. ఏ బొమ్మ పోతుందో, ఏది దుమ్ము పడుతుందో తెలుస్తుంది. ఏటికొప్పాక బొమ్మల శకటం 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో మూడో స్థానం తెచ్చుకున్నాక పేరు అడిగి మరీ కొనేవాళ్లు కనిపిస్తున్నారు.

తాతల ఇల్లు మీ సొంతమైతే మీ దగ్గర ఉన్నది డబ్బుకంటే పెద్దది. దాన్ని ట్రస్టుకి రాసేయమని తొందరపెడతారు. రాసేయకండి, 30 ఏళ్ల రిజిస్టర్డ్ లీజు ఇవ్వండి. గ్రాంటు కాగితాలకు దీర్ఘకాలపు లీజు చూపించుకోవచ్చు, అన్నదమ్ముల మధ్య గొడవా రాదు.

సంస్థకు మూడేళ్లు దాటి, లెక్కలు ఆడిట్ అయ్యి ఉంటే చందాల కోసం తిరగడం తగ్గించి సీఎస్‌ఆర్‌కి, ఎఫ్‌సీఆర్‌ఏకి కూర్చోండి. ఆ మూడు ఆడిట్ రిపోర్టుల కోసమే మొదటి రోజు నుంచి రెండు రశీదు పుస్తకాలు, రెండు బ్యాంకు ఖాతాలు పెట్టమంటున్నాను. మేం ఎర్ర అట్ట పుస్తకం విరాళాలకు, నీలం అట్టది అమ్మకాలకు పెట్టుకున్నాం. కొట్టులో కూర్చునే అమ్మాయికి ఆదాయపు పన్ను చట్టం తెలియక్కర్లేదు, రంగు తెలిస్తే చాలు.